శౌరయ్య గొంతు

దాచేపల్లి దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ లారీ యార్డులో ఒకప్పుడు మైకు ఉండేది కాదు. శౌరయ్య ఉండేవాడు.

గేటు పక్కన రేకుల షెడ్డు కింద నిలబడి, లోడుకు వంతు వచ్చిన లారీ నంబరు పిలవడం అతని ఉద్యోగం. లారీ కింద చాప పరుచుకుని పడుకున్న డ్రైవరైనా, రోడ్డవతల హోటల్లో టిఫిను తింటున్న క్లీనరైనా ఒక్క పిలుపుకు లేచి రావలసిందే. రెండోసారి పిలిచే అలవాటు అతనికి లేదు. ఆ గొంతు తండ్రి నుంచి వచ్చింది. నాపరాళ్ల గనిలో మందు పేల్చే ముందు అందరినీ దూరంగా పొమ్మని కేక వేసే పని తండ్రిది.

"మా నాయన కేక వినపడకపోతే మనిషి పోతాడు. నా కేక వినపడకపోతే లోడు పోయిద్ది, అంతే తేడా," అనేవాడు శౌరయ్య.

ఇప్పుడతనికి డెబ్బై దగ్గర పడ్డాయి. యార్డులో లారీ నంబర్లు ఎర్ర అక్షరాల బోర్డు మీద వాటంతట అవే పడుతున్నాయి. ఎవరూ ఎవరినీ పిలవడం లేదు.

వాళ్ల ఊళ్లో ఏటా మంచి శుక్రవారం నాడు ఏసు గుడివాళ్లు, ఆయన సిలువ దాకా పడ్డ పాటుల నాటకం ఆడతారు. గుడి ముందు మొదలై, వీధి వీధినా ఆగుతూ, ఊరి చివరి గుట్ట మీద సిలువ దగ్గర ముగిసే నాటకం. మొదటి రంగం గుడి ముందు నిలిపిన ట్రాక్టరు ట్రక్కు మీద జరుగుతుంది. ఏసుకు శిక్ష వేసి, ఆ పాపం తనకు అంటకూడదని జనం ఎదుట చేతులు కడుక్కునే రోమా గవర్నరు ఆ రంగంలో ఉంటాడు. ఆ వేషం శౌరయ్యకు పెళ్లి కాకముందే వచ్చింది. ఇచ్చినవాడు గుడిలో జపాలు నేర్పే ఉపదేశి ఆరోగ్యస్వామి. నాటకం రాసిందీ ఆయనే.

"సిలువ మోసే వేషానికి నువ్వు పనికిరావురా. దానికి మౌనం కావాలి. నువ్వు శిక్ష వెయ్యి," అన్నాడు ఉపదేశి.

గవర్నరు చివరి మాటను ఆయన ఒక్క ఊపిరిలో చెప్పేటట్టు రాశాడు. "ఓ ప్రజలారా, మీ కేకలకు నా చెవులు లొంగినవి గాని నా మనస్సు లొంగలేదు, మీరు కోరిన శిక్షను నా నోరు పలికినది గాని నా గుండె పలకలేదు, ఈ నీరు నా చేతులను కడుగును గాని నేను కూర్చున్న ఈ పీఠమును కడగజాలదు." ఎక్కడా ఆగకూడదు. అది పూర్తయ్యాకే నౌకరు చెంబు వంచి గవర్నరు చేతుల మీద నీళ్లు పోయాలి. నౌకరు వేషం శౌరయ్య ఈడువాడు మరియదాసుది. రాళ్లకు పాలిష్ పట్టే మిల్లులో పని చేసేవాడు. ఉపదేశి అతనికి నేర్పింది ఒకటే: "గవర్నరు నోరు ముయ్యందే చెంబు వంగకూడదు. ఆకాశం విరిగి పడ్డా సరే."

ఆ నాటకంతో మొదలైన శౌరయ్య తరవాత సాంఘిక నాటకాల్లోకి వెళ్లాడు. నరసరావుపేట, వినుకొండ, ఎక్కడ పోటీలు పెట్టినా దాచేపల్లి బృందంలో వడ్డీ వ్యాపారి అతనే, మునసబు అతనే. ఆఖరి వరసలో కూర్చున్నవాళ్లు ముందుకు జరిగేవాళ్లు కాదు, అక్కడికే వినపడేది. తెచ్చిన షీల్డుల్ని భార్య ఆరోగ్యమ్మ బియ్యం డబ్బా మీద వరసగా పెట్టేది. అతను ఇంట్లో మాటలు వల్లె వేస్తుంటే ఆమె పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే చెప్పేది.

"మధ్యలో ఊపిరి తీశావు."

"తియ్యలా."

"తీశావు. నాకు వినపడింది."

మళ్లీ మొదటి నుంచి చెప్పేవాడు. పిల్లలు లేని ఆ ఇంట్లో సాయంత్రాలు అలా గడిచాయి.

ఊరేగింపు నాటకానికి మైకులతో పెద్ద బాధగా ఉండేది. గాలికి గుయ్యిమనేవి, వీధి మలుపుల్లో వైర్లు తెగేవి. అందుకని ఒక ఏడు గుడి ఫాదరు, విచారణ గురువులు, అందరినీ జీపులో గుంటూరు తీసుకుపోయి, నాటకం మొత్తం ఒక స్టూడియోలో రికార్డు చేయించారు. ఆరోగ్యమ్మ చూడ్డానికి వెంట వెళ్లింది. గవర్నరు మాట తరవాత నీళ్ల చప్పుడు కావలసివచ్చింది. స్టూడియో కుర్రాళ్లు ఎలా పోసినా కుళాయి విప్పినట్టే ఉంది. ఆరోగ్యమ్మ లేచి, "ఇటియ్యండయ్యా" అని చెంబు తీసుకుని, బేసిన్ మీద వంచి సన్నగా మొదలుపెట్టి పోసింది. ఒక్కసారికే సరిపోయింది. నాటకం టేపులో, తరవాత సీడీలో, ఇప్పుడు పెన్ డ్రైవులో ఉన్న నీళ్ల చప్పుడు ఆమెదే.

ఆ ఏటి నుంచి వేషగాళ్లు ట్రాకుకు పెదవులు కదపడం మొదలుపెట్టారు. శౌరయ్యకు అది నచ్చలేదు. కానీ మనిషీ తనే, గొంతూ తనదే కాబట్టి సర్దుకున్నాడు.

మరో రెండేళ్లకు సినిమావాళ్లు వచ్చారు. గురజాల వైపు గనుల్లో షూటింగు. పోటీల్లో శౌరయ్యను చూసిన ఒక అసిస్టెంటు అతన్ని వెతుక్కుంటూ యార్డుకే వచ్చాడు. గని యజమానికి అమ్ముడుపోయి, కూలీల మీద అబద్ధపు సాక్ష్యం చెప్పే మేస్త్రీ వేషం. మూడు సీన్లు. శౌరయ్య చెప్పిన మాటకు గని గోడలు బదులు పలికాయి. షాటు అయ్యాక లైట్లు మోసేవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

సినిమా వచ్చిన రోజు ఊరు ఊరంతా ట్రాక్టర్లెక్కి పిడుగురాళ్ల హాలుకు పోయింది. ఆరోగ్యమ్మ పెళ్లినాటి చీర కట్టుకుంది. తెర మీద శౌరయ్య కనపడగానే ఈలలు. తరవాత అతను నోరు తెరిచాడు. ఎవరిదో పలుచటి గొంతు, పట్నం మాట, బయటికి వచ్చింది.

వెనక నుంచి మరియదాసు అరిచాడు: "ఒరేయ్, మా శౌరిగాడికి జలుబు చేసిందిరోయ్!"

హాలంతా నవ్వింది. రెండో సీనుకు, మూడో సీనుకు ఇంకా నవ్వారు. మరియదాసు హాస్యానికే అన్నాడు. శౌరయ్యకూ తెలుసు. ఆట అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ట్రాక్టరులో ఆరోగ్యమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

ఎందుకిలా చేశారని అడగడానికి హైదరాబాదు వెళ్లాడు. అసిస్టెంటు కూర్చోబెట్టి టీ తాగించాడు. "మీది స్టేజీ గొంతు సార్. డబ్బింగులో మైకు ముందు గుసగుసలాడినట్టు చెప్పాలి. మీరు లారీని పిలిచినట్టు చెబుతారు. మొహం మాత్రం బంగారం," అన్నాడు.

ఆ ఆఖరి మాట పట్టుకుని శౌరయ్య అక్కడే ఉండిపోయాడు. ఉద్యోగం వదిలేశాడు. కృష్ణానగర్‌లో నలుగురితో కలిసి ఒక గది. కూతురి శవం ముందు ఏడ్చే తండ్రి, కోర్టు బంట్రోతు, పంచాయతీలో తల ఊపే పెద్దమనిషి, ఇవీ దొరికిన వేషాలు. ఎప్పుడైనా ఒకటి రెండు మాటలు దొరికేవి. మెల్లగా చెప్పడం నేర్చుకున్నాడు కూడా. కానీ మెల్లగా చెబితే అది ఎవరి గొంతో అయిపోయేది. వాళ్లు అదీ తీసేసి వేరేవాళ్ల చేత చెప్పించేవాళ్లు. ఒకసారి స్టూడియో మెట్ల మీద తనకు డబ్బింగు చెప్పినతను కనిపించాడు. సన్నటి మనిషి, చేతిలో సిగరెట్టు.

"మీకు చెప్పడం చాలా ఈజీ సార్. ప్రతి అక్షరానికీ నోరు పూర్తిగా తెరుస్తారు. మీలాంటివాళ్లు ఉంటే మాకు సగం పని తగ్గుద్ది," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. శౌరయ్య చెయ్యి కలిపి వచ్చేశాడు.

ఆరోగ్యమ్మకు కిడ్నీల జబ్బు ముదిరిందని కబురు వచ్చాక ఊరికి తిరిగి వచ్చాడు. ఆమె కొన్నాళ్లే ఉంది. ఆమె పోయాక, ఒక కల్యాణమండపానికి కాపలా పని దొరికింది. పెళ్లిళ్లు లేని రోజుల్లో అక్కడ పలకరించే మనిషి ఉండడు. పేర్చి పెట్టిన కుర్చీల మధ్య కూర్చుని, అప్పుడప్పుడు గొంతు సవరించుకునేవాడు, మాట్లాడబోయేవాడిలాగా.

అతను హైదరాబాదులో ఉన్నప్పుడే గవర్నరు వేషం వేరేవాళ్లకు పోయింది. ఇప్పుడు బ్యాంకులో పనిచేసే రాజీవ్ వేస్తున్నాడు. గొంతు మాత్రం ట్రాకులోదే. ఏటా మంచి శుక్రవారం శౌరయ్య గుడి ప్రహరీ గోడ నీడన నిలబడి, ఎదుట రాజీవ్ నోట్లోంచి వచ్చే తన గొంతు వినేవాడు. మొదట్లో తల్లులు పిల్లలకు చూపించేవాళ్లు, "అదుగో, ఆ గొంతు ఆ తాతదే" అని. పోనుపోను ఆ చూపించడం మానేశారు. తెలిసినవాళ్లు తగ్గిపోయారు.

సినిమాలో తన మొహానికి ఎవరిదో గొంతు. ఊళ్లో తన గొంతుకు ఎవరిదో మొహం. శౌరయ్యకు మిగిలిన కోరిక ఒకటే: ఒక్కసారి ఆ రెండూ ఒక్కచోట, తన ఊరివాళ్ల ఎదుట ఉండాలి. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అనడానికి మనిషి లేదు.

ఈ ఏడు మంచి శుక్రవారానికి ముందు వచ్చే నలభై రోజుల తపస్సుకాలం మొదలయ్యాక, నాటకం నడిపే షెర్లీ టీచరు కల్యాణమండపానికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"బాబాయ్, రాజీవ్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది. ఈసారి గవర్నరు నువ్వే వెయ్యాలి."

"నేనా? మోకాళ్లు సరిగా లేవమ్మా."

"ట్రక్కు మీద కూర్చునే వేషమే గదా. ఎక్కించే పూచీ మాది."

"మైకు ఒకటి పెట్టించు. ట్రాకు వద్దు. నేను చెబుతా."

షెర్లీ టీచరు నవ్వింది. ఆ నవ్వులో వెక్కిరింపు లేదు. "ఒక్కడికి మైకెట్టా బాబాయ్? వెనక మ్యూజిక్ ఉంది, జనం కేకలు అందులోనే ఉన్నాయి. మధ్యలో ఆపితే మొత్తం చెడిపోద్ది. అయినా నీకు బాధేంది, నీ గొంతేగా. పెదాలు కదిపితే చాలు."

ఆమె వెళ్లాక శౌరయ్య చాలాసేపు ఆ ఖాళీ హాల్లో తిరిగాడు. సరే, తన గొంతే. మొహం కూడా తనదే అవుతుంది. అదే చాలుననుకున్నాడు.

రిహార్సల్స్ గుడి ఆవరణలో, సాయంత్రం పూట. సౌండు బాక్సులు అద్దెకిచ్చే రియాజ్ ట్రాకు నడుపుతాడు. నౌకరు వేషం ఇప్పటికీ మరియదాసుదే. జుట్టు తెల్లబడినా, చెంబు ఇంకెవరికీ ఇవ్వలేదు.

మొదటి మాటలు బాగానే పోయాయి. చివరి మాట దగ్గర శౌరయ్య తడబడ్డాడు. బాక్సులోని గొంతు నలభై ఏళ్లవాడిది. "మనస్సు లొంగలేదు" దగ్గర ఆగకుండా పరుగెత్తింది. అక్కడ శౌరయ్యకు ఊపిరి అయిపోయింది. అతను నోరు మూసి గాలి పీల్చుకునేలోగా గొంతు "నా గుండె పలకలేదు" దాకా పోయింది.

"ఏం పర్లేదు మావా, ఇంకోసారి వేస్తా," అన్నాడు రియాజ్.

ఇంకోసారీ అంతే. తరవాత కూడా అంతే.

"ఊపిరి తియ్యకుండా ఉత్తినే పెదాలు ఆడించు బాబాయ్. గాలెందుకు నీకు?" అంది షెర్లీ టీచరు.

అదీ చేసి చూశాడు. మాట లేకుండా పెదవులు కదపడం అతనికి రాలేదు. పెదవి కదిలితే లోపల ఊపిరి దానంతటదే బయలుదేరుతుంది. మరియదాసు చెంబు పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. ఇలాంటప్పుడు ఏదో ఒక వెటకారం చేసేవాడు. ఆ రోజు ఏమీ అనలేదు.

ఇంటికి పోతూ మాత్రం, "ఒరేయ్ శౌరీ, ఆ పెట్టెలోవాడు నీకంటే గట్టోడురా," అన్నాడు.

"నేనేగా."

"నువ్వే. అయితే మాత్రం?"

రియాజ్ ఆ ముక్కను శౌరయ్య ఫోనులో వేసి ఇచ్చాడు. శౌరయ్య మండపంలో కూర్చుని పదే పదే పెట్టుకున్నాడు. వెంట పరుగెత్తాడు, అందుకోలేకపోయాడు. ప్రతిసారీ చివర నీళ్ల చప్పుడు వచ్చేది. సన్నగా మొదలై, కాస్త పెరిగి, బేసిన్‌లో పడి ఆగిపోయేది. ఒక మధ్యాహ్నం అతను మాట మీద ధ్యాస వదిలేసి, ఆ నీళ్ల కోసమే మళ్లీ మళ్లీ పెట్టుకున్నాడు. ఊపిరి ఎక్కడ తీశాడో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. తీయకుండా ఉండలేడని తనకే తెలుసు.

మంచి శుక్రవారం నాటికి ఎండలు ముదిరాయి. గుడి ముందు జనం గొడుగులు వేసుకుని, తల మీద తువ్వాళ్లు కప్పుకుని కూర్చున్నారు. ట్రక్కు మీద నీలం పట్టా కట్టారు. నలుగురు పట్టి శౌరయ్యను పైకెక్కించారు. ఎర్ర దుప్పటి అంగీ, బంగారు కాగితం అంటించిన పట్టీ నుదుటి మీద. కుర్చీలో కూర్చోగానే జనం తన వైపు చూడడం తెలిసింది. వయసుమళ్లినవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు. "శౌరయ్యగాదూ?" "ఆయనే. ఎన్నేళ్లయింది!"

రియాజ్ ట్రాకు పెట్టాడు. బాక్సుల్లోంచి గొంతు లేచింది. గుడి గోడను తాకి, రోడ్డు దాటి పోయింది. శౌరయ్య పెదవులు దానితో సరిగ్గా కలిశాయి. ఏసును అడిగే మొదటి ప్రశ్న, రెండో ప్రశ్న. ముందు వరసలో ఒక ముసలామె చెయ్యి నోటి మీద పెట్టుకుని చూస్తోంది. కొంతసేపు అతనికి నిజంగానే తను మాట్లాడుతున్నట్టే ఉంది.

మరియదాసు చెంబు, బేసిన్ తీసుకుని పక్కకు వచ్చాడు. చివరి మాట. శౌరయ్య లేచి నిలబడ్డాడు.

"ఓ ప్రజలారా, మీ కేకలకు నా చెవులు లొంగినవి గాని—"

అక్కడే తెలిసిపోయింది, అందుకోలేడని. ఇంకొక్క క్షణంలో మూసిన నోట్లోంచి మాట వస్తుంది. ఊరంతా చూస్తుంది. పిడుగురాళ్ల హాలు గుర్తొచ్చింది. శౌరయ్య మెల్లగా, అదీ నాటకంలో భాగమే అన్నట్టు, జనానికి వీపు తిప్పాడు. బేసిన్ వైపు, మరియదాసు వైపు.

బాక్సులోని గొంతు ముందుకు పోయింది. దాన్ని పోనిచ్చాడు. గాలి పీల్చుకుని, తన మాట తను మొదలుపెట్టాడు.

"ఓ ప్రజలారా," అన్నాడు మరియదాసు మొహంలోకి చూస్తూ. "మీ కేకలకు నా చెవులు లొంగినవి గాని... నా మనస్సు లొంగలేదు."

గొంతు బొంగురుగా ఉంది, చివర్లో వణికింది. ఊపిరి రెండు చోట్ల తీశాడు. బాక్సుల హోరులో అది మూరెడు దూరం దాటి పోయి ఉండదు. మరియదాసు చెంబు ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ట్రాకులో మాట ముగిసింది. నీళ్ల చప్పుడు మొదలైంది, సన్నగా, కాస్త పెరిగి. ట్రక్కు మీద మాత్రం నీళ్లు పడలేదు. కింది నుంచి షెర్లీ టీచరు చేత్తో సైగ చేసింది, పొయ్యమని. మరియదాసు చూశాడు. చెంబు వంచలేదు.

నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

"...నేను కూర్చున్న ఈ పీఠమును కడగజాలదు," అన్నాడు శౌరయ్య, నోరు మూశాడు.

అప్పుడు మరియదాసు చెంబు వంచాడు. నీళ్లు చప్పుడు లేకుండా చేతుల మీద పడ్డాయి.

ట్రాకులో డప్పులు మోగాయి. సిలువ లేచింది. జనం గొడుగులు సర్దుకుని, పాట పాడుతూ ఊరేగింపు వెంట కదిలారు. షెర్లీ టీచరు హడావిడిగా ట్రక్కు పక్కకు వచ్చింది.

"బాగా చేశావు బాబాయ్. వెనక్కి తిరగడం మంచిగుంది, రాజీవ్‌కి తోచలేదది. నీళ్లే కాస్త లేటయినాయి." తరవాత మరియదాసు వైపు తిరిగింది. "ఏంది పెదనాన్నా, చెయ్యి ఊపుతానే ఉన్నా గదా?"

"ఆయన మాట ఇంకా అవ్వలా," అన్నాడు మరియదాసు.

"అయిపోయింది గదా. ట్రాకులో నీళ్లు కూడా అయిపోయినాయి."

"దాంట్లో అయిపోయిందేమో. ఈడ అవ్వలా."

ఆమెకు అర్థం కాలేదు. రెండో మజిలీ దగ్గర ఎవరో పిలుస్తుంటే పరుగున వెళ్లిపోయింది. మరియదాసు చెంబు బేసిన్‌లో పెట్టి, ట్రక్కు దిగి, తువ్వాలు నెత్తికి చుట్టుకున్నాడు. గుట్ట దాకా నడవాలి.

"నువ్వు రాలేవుగా. ఈడే నీడకు కూర్చో. దించేవాళ్లని పంపిస్తా," అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "రెండు చోట్ల ఊపిరి తీశావు."

"తీశా," అన్నాడు శౌరయ్య.

మరియదాసు తల ఊపి జనంలో కలిసిపోయాడు. బాక్సులున్న ఆటో వీధి మలుపు తిరిగింది. పాట చిన్నదైపోయింది. గుడి ముందు ఎండ, నలిగిన గడ్డి, ఎవరో మరిచిపోయిన ఒక చెప్పు మిగిలాయి. శౌరయ్య గవర్నరు కుర్చీలో కూర్చుని, తడి చేతులు మోకాళ్ల మీద వెల్లకిలా పెట్టుకున్నాడు. తుడుచుకోవడానికి పక్కన తువ్వాలు ఉంది. తీసుకోలేదు. ఎండకు అవే ఆరిపోయాయి.